సొరంగపల్లె పదో తరగతి పరీక్ష

రోజు 1

ఇవాళ్టి నుంచి ముప్పై రోజులు నేను చేతులు వెనక్కి కట్టుకొని తిరగాలి. పరీక్ష నియమం అది. చూడాలి, రాయాలి, సాయం మాత్రం చేయకూడదు.

నా పేరు హైమావతి. చంద్రుడి మీద సొరంగపల్లె బడిలో ఉన్న ఇద్దరు టీచర్లలో నేనొకదాన్ని. మా ఊరి జనాభా ఎనభై ఆరు. అందరూ బొగ్గుబాయిల్లో పనిచేసిన వాళ్ల మనవలూ మునిమనవలే. సొరంగం తవ్వడం, సొరంగంలో బతకడం మా రక్తంలో ఉందని పిలిపించి తెచ్చారు. ఇక్కడ కాగితం పరీక్షలు ఎత్తేసి పదకొండేళ్లయింది. గాలి యంత్రం గురించి పది మార్కులకు వ్యాసం రాసినవాడితో ఊరికి పని లేదు, దాన్ని నడపగలిగినవాడు కావాలి. అందుకని పదో తరగతి పిల్లలు తలా ఒక ఊరి పని ఎంచుకొని నెల రోజులు చేసి చూపిస్తారు. నేను రోజూ చూసి మెట్టు రాస్తాను. మెట్లు కింది నుంచి పైకి నాలుగు: మొదలు, తడబాటు, పట్టు, ఒడుపు. నాలుగు విషయాల్లో వేయాలి: పని, జాగ్రత్త, పదిమందితో కలవడం, చేసింది పదిమందికి చెప్పడం.

ఈసారి పిల్లలు ఐదుగురు. రాజలింగు వరి పండిస్తానన్నాడు. చందన వంటశాల తీసుకుంది. కవలలిద్దరూ నీళ్ల పంపులు తీసుకున్నారు. సమ్మక్క తలుపుగది తీసుకుంది. ఊళ్లోంచి బయటి నేల మీదికి వెళ్లే దారి అదొక్కటే. అక్కడి తలుపులూ, బయటికి వెళ్లేవాళ్లు వేసుకునే తొడుగులూ ఈ నెల అంతా ఆ పిల్ల చేతిలో.

చంద్రుడి మీది ఊళ్లన్నిటినీ నడిపే పెద్ద స్థావరం నుంచి ఉత్తరం వచ్చింది. పోయిన రెండేళ్లూ మా ఊళ్లో అందరికీ మంచి మెట్లే పడ్డాయట. మీ ఊరి పిల్లలంతా ప్రతిభావంతులేనా అని మర్యాదగా అడిగారు. ముప్పయ్యో రోజున కుముదిని గారనే పర్యవేక్షకురాలు వచ్చి నా చిట్టా చదువుతారు. నమ్మదగ్గట్టు లేకపోతే మా పదో తరగతి ఎత్తేసి, పిల్లల్ని ఆరువందల కిలోమీటర్ల అవతల హాస్టల్లో వేస్తారు.

కాబట్టి ఈసారి మొహమాటం లేదు. గట్టిగా వేస్తాను.

రోజు 3

తలుపుగదికి వెళ్లాను. సమ్మక్క తొడుగుల కుట్లు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూస్తోంది. పద్నాలుగేళ్ల పిల్ల, నలభై ఏళ్ల దర్జీలా కూర్చుంది. పని: పట్టు. జాగ్రత్త: ఒడుపు. ఇందులో నాకు అనుమానం లేదు.

రెండో తరగతి పిల్లల్ని తెచ్చి తొడుగు ఎలా వేసుకోవాలో చెప్పమన్నాను. సమ్మక్క వాళ్లను కాసేపు చూసింది.

"తొడుక్కోవాలె. బిగియ్యాలె. లేకుంటె సస్తరు."

ఇద్దరు ఏడ్చారు. ఒకడు ఇంటికి పోతానన్నాడు. చెప్పడం: తడబాటు. మాట్లాడాల్సి వస్తే సమ్మక్క చెవులు ఎర్రబడతాయి, అంతే. తల్లి పోయినప్పటి నుంచీ ఇలాగే ఉంది.

రోజు 6

రాజలింగు మడి చూడ్డానికి ఊరంతా వస్తోంది. మేం ఆలుగడ్డలూ జొన్నరొట్టెలూ తిని పెరిగినవాళ్లం. మా ఊళ్లో వరి మొలవడం ఇదే మొదటిసారి. పెద్ద స్థావరం వాళ్లు ఈ ఏడు కొత్తగా ఒక పొడి పంపారు. అందులోని సూక్ష్మజీవులు ఎరువును తొందరగా కరిగించి మొక్కకు అందిస్తాయట. వాడు నిండుగా నీళ్లు పెట్టాడు, ఎరువు వేశాడు, పొడి చల్లాడు, పక్కన కూర్చొని పాటలు పాడుతున్నాడు. మడి ఊరి పెద్ద ఫ్యాను మూతికి ఎదురుగానే ఉంది. పచ్చని ఆకుల మీదుగా వచ్చిన గాలి ఊళ్లోకి పోతే మంచిదని అక్కడే పెట్టారు.

ఎరువు కాస్త ఎక్కువైనట్టు అనిపించింది. చెప్పడానికి నోరు తెరిచి, నియమం గుర్తొచ్చి మూసుకున్నాను. జాగ్రత్త: తడబాటు.

రోజు 9

చందన ఇవాళ నలభై రొట్టెలు మాడ్చింది. మామూలుగా అయితే వంటశాలలో గొడవైపోయేది. ఇవాళ మాడిన రొట్టె ముక్కల్ని గాల్లోకి విసిరి నోటితో పట్టుకునే పోటీ పెట్టుకున్నారు. ఇక్కడ బరువు ఆరో వంతే కదా, ముక్క పైకి వెళ్లి తీరిగ్గా దిగుతుంది. నేను మూడు పట్టాను. పిల్ల ఊరిని సంతోషపెట్టింది. పట్టు.

రోజు 13

అందరికీ పట్టు. బాగా చేస్తున్నారు. ఊరు ఎంత బాగుందో.

ఓదెలు తాత ఒక్కడే ముఖం ముడుచుకొని ఉన్నాడు. ఆయన ముప్పై ఏళ్లు ఈ సొరంగాలు తవ్వినవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకొని, ముక్కుకు గొట్టం పెట్టుకొని సిలిండరు గాలి పీలుస్తూ చక్రాల కుర్చీలో ఉంటాడు. ఏం జూసి గింతగనం నవ్వుతున్రని నన్ను నిలదీశాడు. నాకు కారణం దొరకలేదు. దొరకలేదని ఇంకా నవ్వొచ్చింది.

రోజు 17

కవలల పంపు గొట్టం ఊడిపోయింది. నీళ్లు గుండ్రటి ముత్యాల్లా కప్పుదాకా లేచి మెల్లగా, చాలా మెల్లగా దిగాయి. పదిహేను నిమిషాలు ఎవరూ పంపు కట్టలేదు. నేను తడిసి నిలబడి చప్పట్లు కొట్టాను. ఇంత అందమైన లీకు నా సర్వీసులో చూడలేదు. ఇద్దరికీ నాలుగింట్లోనూ ఒడుపు.

రోజు 20

బోర్డు మీద మూల్యాంకనం అని రాశాను. రాసి, ఒక అడుగు వెనక్కి వేసి చూశాను. ఆ మూ చూడండి. దాని కొమ్ము చూడండి, వెనక్కి తిరిగి నా కాగితాలేవి అని వెతుక్కుంటున్నట్టు లేదూ. ఆ మాట పిల్లలకు చెప్పాను. ఇక పీరియడు పూర్తయ్యేదాకా ఎవరం మాట్లాడలేకపోయాం. అందరికీ ఒడుపు. నాకు కూడా ఒడుపు. బోర్డుకు పట్టు.

రోజు 23

ఇవాళ ఒక చిన్న చికాకు. సర్పంచ్ భూలక్ష్మి గారి భర్త సదానందం బయటి సోలార్ పలకలు తుడవడానికి తలుపుగదికి వెళ్తే సమ్మక్క తలుపు తీయలేదట. ఆయన కుడిచేతి గ్లోవు కొక్కెం పెట్టుకోలేదని తిప్పి పంపింది. ఆయన మళ్లీ వచ్చాడు, ఈసారి ఎడమచేతిది పెట్టుకోలేదు. మళ్లీ పంపింది. ఆయన కొక్కెం మీద ఒక పాట కట్టి ఊరంతా పాడుతున్నాడు. చక్కటి పాట. ఇంత సరదా మనిషి ముందు ఆ పిల్ల కట్టెలా నిలబడిందంటే ఏమనాలి? పదిమందితో కలవడం: తడబాటు.

రోజు 24

ఊరి సభ జరిగింది. ముప్పయ్యో రోజు పిల్లల పనుల ప్రదర్శన బడి గదిలో కాకుండా బయట, ఆకాశం కింద, భూమి ఎదురుగా పెట్టాలని తీర్మానం. అభ్యాసంగా ఎల్లుండి పొద్దున పది గంటలకు ఊరంతా బయటికి. తొడుగులు ముప్పై ఒకటే ఉన్నాయని ఎవరో అంటే, వంతులు వేసుకుందామన్నారు. ఊపిరి బిగబడితే రెండు నిమిషాలు ఆగొచ్చని సదానందం అన్నాడు. భూలక్ష్మి గారు తొమ్మిదేళ్లుగా ఊరు నడుపుతున్న మనిషి, ఒక్క మర చుట్టు తక్కువ బిగించినా ఒప్పుకోదు. ఆమె కళ్లనీళ్లు తుడుచుకుంటూ తీర్మానం మీద సంతకం పెట్టింది. సంతకం పక్కన ఒక చేప బొమ్మ వేసింది. ఎనభై ఐదు చేతులు లేచాయి.

నాకు రొట్టెలు కట్టే పని అప్పగించారు.

రోజు 25

ఈ పేజీ నేను ముఖానికి మాస్కు పెట్టుకొని రాస్తున్నాను. ఇప్పుడు తెలివి ఉంది.

బడి అయ్యాక సమ్మక్క వచ్చింది. ఊరికేదో అయిందని చెప్పింది. నేను నవ్వాను. ఆమె వాదించలేదు. రేపు బయటికి పోతున్నరు గద, మీ తొడుగు కొలత సూడాలె అంది. సంతోషంగా వెంట వెళ్లాను. తలుపుగదిలో నాకు తొడుగు వేసింది, కొక్కేలన్నీ పెట్టింది, శిరస్త్రాణం బిగించి సిలిండరు తిప్పింది. స్టూలు మీద కూర్చోబెట్టి నా చిట్టా తెచ్చి చేతిలో పెట్టింది. చదువున్రి అంది.

మొదట నవ్వుతూనే చదివాను. తొమ్మిదో రోజు దగ్గర నవ్వు సన్నగిల్లింది. పదిహేడో రోజు దగ్గర ఆగిపోయింది. ఇరవయ్యో రోజు మళ్లీ రెండుసార్లు చదివాను. బోర్డుకు పట్టు అని రాసింది నా చెయ్యే, అక్షరాలు నావే. ఇరవై మూడో రోజుకు వచ్చేసరికి నా చెవులు కాలిపోతున్నాయి. కొక్కెం లేకుండా ఒక మనిషి శూన్యంలోకి వెళ్లబోయాడు. ఈ పిల్ల రెండుసార్లు ఆపింది. ఆపినందుకు నేను తడబాటు వేశాను.

"ఎప్పటినుంచి?" అని అడిగాను.

"నాకు గూడ తెల్వది టీచర్. ఇంటికాడ నాకు గూడ నవ్వొస్తది. ఈడికొస్తె పోతది, ఈడ గాలి సిలిండర్లది గద." ఒళ్లో ఉన్న తొడుగు కుట్టును వేలితో తడిమింది. "మొన్న మా అమ్మ సచ్చిపోయిన ముచ్చట యాదికొచ్చింది. దానికీ నవ్విన. గప్పుడు భయమైంది."

ఆమె అంతసేపు మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

గాలి మీటర్లు చూశాం. ఆక్సిజన్ సరిగ్గా ఉంది. బొగ్గుపులుసు వాయువు సరిగ్గా ఉంది. విషవాయువు లేదు. అంటే ఆ మీటర్లకు తెలియనిదేదో గాలిలో కలుస్తోంది. అది ఎక్కడ పుడుతోందో కనిపెట్టే యంత్రం మా దగ్గర లేదు. సమ్మక్క తన కుట్టు డబ్బా తెరిచి ఒక సూది, మూరెడు దారం తీసింది. నిప్పు ప్రమాదాలకని దాచిన సిలిండరు మాస్కులు రెండు తీసింది. ఊళ్లో ఒక్కో చోట నేను మాస్కు దించి, వంద లెక్కపెట్టేదాకా ఆ గాలి పీల్చి, సూదిలో దారం ఎక్కించాలి. ఎన్ని అంకెలు పడుతుందో తను లెక్కపెట్టి గోడ మీద సుద్దతో రాస్తుంది. చేసి చూపే పరీక్ష. ఈసారి రాసేది నేను, వేసేది ఆమె.

తలుపుగది బయట తొమ్మిది అంకెలు పట్టింది. బడిలో ఇరవై. వంటశాలలో ముప్పై ఒకటి, అప్పటికే సూది నాకు ముద్దొస్తోంది. ప్రతిచోటా మళ్లీ మాస్కు పెట్టి, నా చూపు నిలబడేదాకా ఆగి, ముందుకు నడిపించింది. వరి మడి దగ్గర ఎంత పట్టిందో నాకు తెలియదు. నేను సూదిని దారానికి పరిచయం చేస్తున్నానని తర్వాత చెప్పింది. మాస్కు నా ముక్కు మీదికి లాగి, గిక్కడనే టీచర్ అంది.

ఓదెలు తాత దగ్గరికి వెళ్లాం. విషయం చెబితే ఆయన కుర్చీలో ముందుకు వంగాడు.

"బాయిల గిసొంటి గాలి నేను సూడలె గని, పండ్ల డాక్టరు కాడ సూసిన. నా పన్ను పీకుతుంటె నేనే నవ్విన. నవ్వు గాలి అంటరు దాన్ని."

అప్పుడు నాకు నా రసాయనశాస్త్రం గుర్తొచ్చింది. నిలవ నీళ్లు, మోతాదు మించిన ఎరువు, దాన్ని తింటూ పెరిగే సూక్ష్మజీవులు. ఎరువులోని నత్రజనిని అవి ఆ వాయువుగా మార్చి వదులుతున్నాయి. ఎదురుగా పెద్ద ఫ్యాను. ఆరో రోజున నేను నోరు మూసుకున్న సంగతి కూడా గుర్తొచ్చింది.

రాజలింగును పిలిచి ఇంకో మాస్కు తెచ్చి పెట్టించాం. నవ్వు దిగాక విషయం చెప్పాను. వాడు మడి వైపు చూశాడు. అది నలభై రోజుల్లో కోతకొచ్చే వంగడం, అప్పుడే పొట్టకొచ్చి ఉంది. నీళ్లు తీసేసి, మట్టి ఎత్తి మూటకట్టి బయట పారేయాలి. నీళ్లు వదిలిపెట్టే చక్రం మీద చెయ్యి వేశాడు, తిప్పలేకపోయాడు.

"మీరు తిప్పున్రి టీచర్. నాతోని కాదు."

సాయం చేయకూడదు. ఇరవై ఐదు రోజులుగా చేతులు వెనక్కే ఉన్నాయి. నేను చేతులు ముందుకు తెచ్చి చక్రం ఒక పక్క పట్టుకున్నాను. రెండో పక్క వాడు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి తిప్పాం. పరీక్షాధికారి నియమం తప్పింది అని ఇక్కడే రాసుకుంటున్నాను.

ఆ వాయువు పుట్టడం ఆగినా ఊరి గాలి వెంటనే బాగుపడదు. నిలవ ఉన్న మంచి గాలిని కొంచెం కొంచెంగా కలిపి పాతదాన్ని తోలేయడానికి మూడు రోజులు పడుతుంది. ఊరంతా బయటికి వెళ్లడం రేపు. మాస్కుతోనే భూలక్ష్మి గారింటికి పరిగెత్తాను. నేను చెబుతుంటే మాస్కులోంచి నా గొంతు ఆమెకు కప్ప గొంతులా వినిపించిందట. నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. ఇంకో మాస్కు ఆమెకు పెట్టబోతే తోసేసి, ఇది కూడా ప్రదర్శనలో పెట్టమంది.

రోజు 26

పది గంటలకు ఊరంతా తలుపుగది ముందు ఉంది. రొట్టెల మూటలు, పిల్లలు, ఒక డప్పు. సదానందం శిరస్త్రాణం వెనకముందు చేసి పెట్టుకొని, ఊరెందుకు చీకటైందని అడుగుతున్నాడు. సమ్మక్క మూసిన తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ముఖానికి మాస్కు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

చెప్పాల్సింది కాగితం మీద ఐదు వాక్యాలు రాసుకొచ్చింది. మొదటిది చదివింది, నవ్వారు. రెండోది చదివింది, డప్పు వాయించారు. కాగితం నలిపి జేబులో పెట్టుకుంది. నేను ముందుకు వెళ్లబోయాను. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. నా చేతులు మళ్లీ వెనక్కి వెళ్లాయి.

ఆమె సూది తీసి పైకెత్తింది.

"పది లెక్కపెట్టే లోపట దీంట్ల దారం ఎక్కిచ్చినోళ్లకు తలుపు తీస్త."

ఊరికి ఆ ఆట తెగ నచ్చింది. క్షణాల్లో వరుస కట్టారు. మొదట భూలక్ష్మి గారే వచ్చింది, సర్పంచ్ కదా. పది అంకెల్లో ఆమె దారాన్ని తన చీర అంచుకు కట్టింది. తర్వాత చందన. తర్వాత కవలలు, ఒకడు సూది పట్టుకుంటే ఒకడు దారం పట్టుకొని ఎదురెదురుగా ఒకరినొకరు దాటిపోయారు. బడిలో నా తోటి టీచరు సూదిలోంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఊరి డాక్టరమ్మ, రోజూ గాయాలకు కుట్లు వేసే మనిషి, దారాన్ని నోట్లో తడిపి మింగేసింది. ప్రతి ఓటమికీ చప్పట్లు. సమ్మక్క ప్రతిసారీ అదే గొంతుతో పది లెక్కపెట్టింది, సూది తుడిచింది, తర్వాతి మనిషికి ఇచ్చింది. అరవై మందికి పైగా వచ్చారు. ఒక్కరికీ ఎక్కలేదు.

చివర ఓదెలు తాత కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. ముక్కుకు గొట్టం, ఒళ్లో సిలిండరు. ముసలాయన కూడా వచ్చాడని జనం ఈలలు వేశారు. ఆయన సూది వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూశాడు. ఆరో అంకెకు దారం అవతలికి వచ్చింది.

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరుసలో ఆగింది, ఆ తర్వాత వెనక వరుసల్లో. డెబ్బై రెండేళ్ల ముసలాయన చేయగలిగింది మనలో ఒక్కరూ ఎందుకు చేయలేకపోయాం అన్న ఆలోచన అంత మందంగా ఉన్న బుర్రల్లోకి కూడా మెల్లగా దిగడం నేను చూశాను.

"నా కండ్లు మంచియని కాదురా," అన్నాడు తాత. "నా గాలి మంచిది."

సమ్మక్క ఆయన సిలిండరుకు రెండో గొట్టం తగిలించి భూలక్ష్మి గారి ముక్కుకు పెట్టింది. కొన్ని నిమిషాలు గడిచాయి. ఆమె కళ్లు మొదట సూది మీద ఆగాయి, తర్వాత తలుపు మీద, తర్వాత వెనకముందు శిరస్త్రాణం పెట్టుకున్న భర్త మీద. సూది అడిగి తీసుకొని దారం ఎక్కించింది. చంకలో బిడ్డలతో, ముప్పై ఒక్క తొడుగులతో శూన్యంలోకి బయల్దేరిన తన ఊరిని కాసేపు అలాగే చూసింది. సూదిని సమ్మక్క చేతిలో పెట్టింది.

"అందరు ఇండ్లకు పోన్రి," అంది. "నేను చెప్పేదాక ఎవ్వలు బయటికి రావద్దు."

వెళ్లారు. దారిలో మళ్లీ నవ్వు మొదలుపెట్టారు గాని, వెళ్లారు.

రోజు 29

గాలి తేరుకుంది. ఊరు తలవంచుకొని తిరుగుతోంది. నీళ్ల ట్యాంకు మీద ఎవరు ఏనుగు బొమ్మ వేశారో ఎవరూ ఒప్పుకోవడం లేదు. తీర్మానంలో సర్పంచ్ సంతకం పక్కన చేప అలాగే ఉంది, కొట్టేయడానికి నియమాలు ఒప్పుకోవట. పద్దెనిమిదో రోజున పెళ్లి ఖాయం చేసుకున్న ఇద్దరిని పెద్దలు కూర్చోబెట్టి మళ్లీ అడిగారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని, ఇప్పుడూ సరేనన్నారు. అప్పుడు మాత్రం ఊరంతా హాయిగా నవ్వింది. నవ్వి, అందరం ఒక్క క్షణం భయపడి మీటర్ల వైపు చూసి, మళ్లీ నవ్వాం.

సదానందం సమ్మక్క ముందు నిలబడి రెండు చేతుల కొక్కేలూ పెట్టి చూపించి వెళ్లాడు. పాట మాత్రం మానలేదు.

రోజు 30

కుముదిని గారు వచ్చారు. సన్నటి మనిషి, కళ్లజోడు, నవ్వని ముఖం. చిట్టాలో నేను ఒక్క అక్షరం మార్చలేదు. తొమ్మిదో రోజు నుంచి ఇరవై నాలుగో రోజు దాకా ఎర్రగీత కొట్టి, ఇవి చెల్లవు అని సంతకం పెట్టి ఇచ్చాను. రెండు గంటలు చదివారు. ఇరవయ్యో రోజు పేజీ దగ్గర కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

రాజలింగును పిలిచి ఏం పండించావని అడిగారు. ఊరి గాలి పాడుచేసిన మేడమ్ అన్నాడు వాడు. అని ఊరుకోలేదు. మూడు గాజు గ్లాసుల్లో మట్టి, నీళ్లు, ఎరువు పెట్టి, ఏ రోజు ఎంత వేశాడో, ఏ రోజు నుంచి తప్పు మొదలైందో, ఎంత నీటికి ఎంత పొడి దాటకూడదో వరసగా చెప్పాడు. ఎవరూ అడక్కుండానే వేరే ఊళ్లవాళ్ల కోసమని ఒక పేజీ రాసిపెట్టుకున్నాడు. నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావని ఆమె అడిగితే, మొదలు అన్నాడు. కుముదిని గారు ఆ పేజీ మడిచి తన సంచిలో పెట్టుకొని, వాడి పేరు ఎదురుగా పని: మొదలు, చెప్పడం: ఒడుపు అని స్వయంగా రాశారు.

సమ్మక్క దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగారు. పనిలో, జాగ్రత్తలో, పదిమందితో కలవడంలో నేను ఒడుపు వేశాను. చెప్పడంలో పట్టు వేశాను.

"ఊరందరినీ తలుపు దగ్గర ఆపిన పిల్లకు పట్టేనా?" అన్నారు.

"ఆపింది మాటలతో కాదు మేడమ్. మాటలు రెండో వాక్యం దగ్గర ఆగిపోయాయి. నెల కిందటి కన్నా ఎక్కింది, ఇంకా ఎక్కాలి."

ఆ ఒక్క మాటకు బడి పోతే ఊరు నన్ను క్షమించదు. మూలన నిలబడిన సమ్మక్క, టీచర్ చెప్పింది నిజమేనన్నట్టు తలూపింది. కుముదిని గారు మా ఇద్దరినీ చూశారు. చిట్టా మూశారు.

"పదో తరగతి ఇక్కడే ఉంటుంది," అన్నారు. "ఇంత గట్టిగా వేసేవాళ్లు పెద్ద స్థావరంలోనే లేరు."

తర్వాత ఇంకో మాట చెప్పారు. ఆ పొడి ఇంకో ఆరు ఊళ్లకు వెళ్లింది. రేడియోలో హెచ్చరిక పంపారు. మూడు ఊళ్ల నుంచి జవాబుగా పాటలు వచ్చాయి. ఎవరో ఒకరు వెళ్లి, మనుషుల ఎదుట నిలబడి, చేసి చూపించి చెప్పాలి. సమ్మక్క వైపు చూశారు. సమ్మక్క చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు తిరిగి, మీరు గూడ వస్తరా అని అడిగింది.

రోజు 31

బండిలో ఉన్నాం. పొద్దున ఎనిమిదికి బయల్దేరాం. తోలే మనిషి పేరు నూకరాజు, పెద్ద స్థావరం పక్క ఊరివాడు, పెద్దవాళ్లది భూమ్మీద సముద్రం ఒడ్డు. మాస్కులు ఎలా పెట్టుకోవాలో అతనికి నేర్పమని సమ్మక్కతో చెప్పాను. ఎలాగూ రేపు చెప్పాలి కదా, ఇతని మీద అభ్యాసం చెయ్యి అన్నాను.

మొదటి గంట ఏమీ మాట్లాడలేదు. రెండో గంటలో ఒక వాక్యం చెప్పి కిటికీ వైపు తిరిగింది. నూకరాజు, ఎందుకమ్మా అని అడిగాడు. ఆ ఎందుకుకు జవాబు చెప్పింది. ఆ జవాబు మీద అతను ఇంకొకటి అడిగాడు. మాస్కు పట్టీ దగ్గర మొదలుపెట్టి గాలి గొట్టంలోకి వెళ్లింది, అక్కణ్నుంచి తొడుగుకు రెండు వరసల కుట్టు ఎందుకో, ఆ కుట్టు వాళ్లమ్మ తనకు ఏ వయసులో నేర్పిందో, మొదటి కుట్టు వంకర పోతే అమ్మ ఎట్లా నవ్విందో చెప్పింది. మధ్యాహ్నం రొట్టెలు తింటూ కూడా ఆపలేదు. నేను ఒకటి రెండుచోట్ల సరిచేయబోతే, ఆగున్రి టీచర్ అని చెయ్యి అడ్డం పెట్టింది.

ఐదో గంటలో నూకరాజు నా వైపు వంగి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏవండీ టీచరు గారూ, ఈ పాప ఎప్పుడూ ఇంతేనాండీ?"

"ఇంతే నాయనా," అన్నాను.

సమ్మక్క వినలేదు. మూడో ఊరి సర్పంచ్ నవ్వితే ఏమనాలో, ఏమనకూడదో అతనికి వివరంగా చెబుతోంది.